రైలువాళ్ళ ఓడ

నాకు నోరు ఊరుకోదు. మా ఆవిడ పెళ్ళయిన కొత్తలోనే కనిపెట్టిన సంగతి ఇది. దుబాయ్‌లోని జెబెల్ అలీలో ఒక గోడౌనుకు టైమ్‌కీపరుగా వచ్చాక ఆ జబ్బు ఇంకా ముదిరింది. పొద్దున గేటు దగ్గర కూర్చుని వచ్చేవాళ్ళకు హాజరు వేయడం, సాయంత్రం పోయేవాళ్ళకు హాజరు వేయడం, ఈ రెంటి మధ్యా కబుర్లు చెప్పడం, ఇదీ నా ఉద్యోగం. వినేవాళ్ళు దొరికితే నాకు అన్నం కూడా అక్కర్లేదు. 2020 ఏప్రిల్లో వినేవాళ్ళు తప్ప మరేమీ దొరకని రోజులు వచ్చాయి.

మా క్యాంపులో పై అంతస్తువాళ్ళిద్దరికి కరోనా తేలింది. వాళ్ళను అంబులెన్సులో తీసుకుపోయి, మిగిలిన అందర్నీ ఎవరి గదుల్లో వాళ్ళను ఉండమన్నారు. మా గదిలో ఆరుగురం. నేనొక్కణ్ణే గోదావరి జిల్లావాణ్ణి, మిగతా అయిదుగురూ జగిత్యాల, నిజామాబాదు వైపువాళ్ళు. మూడు రెండంతస్తుల ఇనుప మంచాలు, ఒక కిటికీ, ఆ కిటికీలోంచి చూస్తే ఎండలో వరసగా నిలబెట్టేసిన మా కంపెనీ బస్సులు. మెస్సువాడు పూటకోసారి పొట్లాలు గుమ్మం ముందు పెట్టి, తలుపు తట్టి, మేం తీసేలోపల పరుగెత్తేవాడు. మొదటివారం ఫోన్లు చూశాం. రెండోవారం ఒకళ్ళనొకళ్ళు తిట్టుకున్నాం. మూడోవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ నా మంచం చుట్టూ చేరారు.

"సారూ, ఏదన్న చెప్పరాదూ? దినం గడుస్తలేదు," అన్నారు.

అడిగించుకుని చెప్పేవాణ్ణి కాదు నేను. అడిగాక ఆగేవాణ్ణి అసలే కాదు. నాకు తెలిసిన వాటిలో బాగా పొడుగైనది మా తాతయ్య కథ. అదే మొదలుపెట్టాను.

మా తాతయ్య రైల్వేలో గుమాస్తా. ఎక్కడో దక్షిణం చివరన ధనుష్కోటిలో వేశారు. అక్కడి నుంచి సింహళానికి స్టీమరు పోయేది. ఆ స్టీమరు మీద టికెట్లు చూడటం ఆయన పని. రైల్వే ఉద్యోగికి సముద్రం మీద ఏం పని అంటే, ఆ స్టీమరు రైలుకంపెనీదే. కొన్నదీ వాళ్ళే, నడిపేదీ వాళ్ళే, బొగ్గు పోసేవాళ్ళకు జీతమిచ్చేదీ వాళ్ళే. మద్రాసులో రైలెక్కితే పట్టాలు నేరుగా వెళ్ళి సముద్రంలోకి కట్టిన వంతెన మీద ఆగేవి. రైలు దిగి నాలుగడుగులు వేస్తే ఓడ. రెండు మూడు గంటల్లో అవతలి ఒడ్డు. అక్కడ ఇంకో రైలు తయారుగా నిలబడి ఉండేది. అన్నిటికీ కలిపి ఒకటే టికెట్. "సముద్రాన్ని కూడా ఒక స్టేషను కిందే లెక్కేశారురా రైలువాళ్ళు," అనేవాడు తాతయ్య, ఆ సముద్రమేదో తనే కొని ఇచ్చినట్టు.

గదిలో ఒకడు నవ్వాడు. "రైలోళ్లకు ఓడేంది సారూ, ఇగ లారీలోళ్లకు ఇమానం ఉన్నదంటవు!"

నాకు పౌరుషం వచ్చింది. ఫోన్‌లో వెతికి ఫోటోలు చూపించాను. పొగగొట్టం, దాని పక్కనే పట్టాలు, పట్టాల మీద రైలు. ఇంగ్లండులో రైలుకంపెనీలకు ఇలాంటి ఓడలు బోలెడు ఉండేవని, ఒక దానిలోకైతే రైలు పెట్టెల్నే తోసేసి, నిద్రపోతున్న మనుషుల్ని నిద్రపోతున్నట్టే ఫ్రాన్సు చేర్చేవారని చెప్పాను. ఇది కోత కాదు, నిజమే. ఆ మాటతో నవ్వినవాడు కూడా దగ్గరికి జరిగి కూర్చున్నాడు. ఆ రోజు నుంచి నా పేరు రైలు సారు అయింది.

తేయాకు తోటలకు పోయే కూలీల సంగతి కూడా చెప్పాను. వాళ్ళను ఓడ ఎక్కించేముందు ఈవల ఒడ్డున ఒక క్యాంపులో కొన్నాళ్ళు ఉంచి, సూదులు పొడిచి, జబ్బు లేదని తేలాక వదిలేవారు. మెడలో రేకుబిళ్ళ వేసేవారు. తాతయ్య చేరిన కొత్తలో ఇంకా ఆ బిళ్ళలు ఉండేవట. టికెట్ అడిగితే మనిషి మాట్లాడకుండా మెడ ముందుకు చాపేవాడట. ఆ క్యాంపులోంచి ఒకసారి బయటపడితే ఇక దారిలో ఎవరూ ఆపేది లేదు. ఓడ, ఆ వెంటనే రైలు, ఆ వెంటనే తోట.

చివర్లో తుఫాను వచ్చి వంతెననీ, పట్టాలనీ, వస్తున్న రైలునీ మనుషులతో సహా ఊడ్చుకుపోయింది. ఆ భాగం నేను చెప్పలేదు. గదిలో బందీలై ఉన్నవాళ్ళకు చావుల కథ ఎందుకని మానేశాను. అంచేత నా కథలో ఓడ ఎప్పుడూ చేరుతూనే ఉండేది.

అందరికంటే శ్రద్ధగా విన్నది నా ఎదుటి కింద మంచం మనిషి. జగిత్యాల దగ్గర పల్లె నుంచి వచ్చాడు. గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్టు నడిపేవాడు. అందరూ నన్ను సారు అంటే అతనొక్కడే అన్నా అనేవాడు, నేను తమ్ముడూ అనేవాణ్ణి. అతని భార్యకు గర్భసంచిలో క్యాన్సరు. కరీంనగర్ ఆస్పత్రిలో చేయగలిగినవన్నీ చేసి, ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. రోజూ సాయంత్రం నాలుగింటికి వీడియో కాల్. అవతల ఫోను పట్టుకునేది తొమ్మిదేళ్ళ కూతురు. ఆ కాసేపూ మేం అయిదుగురం గోడవైపు తిరిగి పడుకునేవాళ్ళం. ఆరుగురున్న గదిలో ఇవ్వగలిగిన మర్యాద అంతే.

"నువ్వచ్చేదాంక నేను యాడికి పోను, బుగులు పడకు," అనేది ఆమె. గోడవైపు తిరిగినా చెవులు మూసుకోలేం కదా.

అతనికి కావలసింది ఒక్కటే. ఆమె బతికుండగా ఎదురుగా వెళ్ళి కూర్చోవాలి. "నయం జేస్తానని పోతలేనన్నా. ఒక్కపారి ముంగట కూసుంట, గంతే," అన్నాడు నాతో. ఊళ్ళకు పోవలసినవాళ్ళ పేర్లు కాన్సులేటువాళ్ళు నమోదు చేసుకుంటున్నారని తెలిసి, అతని ఫారం ఇంగ్లీషులో నేనే నింపాను. కారణం అన్నచోట భార్యకు చివరి రోజులని రాయడానికి చెయ్యి రాలేదు. రాశాను.

ఈలోగా నా కథ గది దాటింది. మావాళ్ళు ఫోన్లలో పక్క గదులకు చెప్పారు, వాళ్ళు పక్క భవనానికి చెప్పారు, అక్కడి నుంచి షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో బావమరదులకూ, సోనాపూర్ క్యాంపుల్లో ఊరివాళ్ళకూ వెళ్ళింది. మనవాళ్ళను తేవడానికి మాల్దీవులకు యుద్ధనౌకలు బయల్దేరాయన్న వార్త అప్పుడే వచ్చింది. అది నిజం వార్త. రెండూ కలిశాయి. పదిరోజులు తిరిగి తిరిగి నా కథ మా గదికే తిరిగొచ్చింది, ఒక వాయిస్ మెసేజిగా.

"రైల్వేవాళ్లు దుబాయ్ నుంచి ఓడ ఏస్తున్నరట. బొంబై దాంక ఓడ, బొంబైల రైలు తయ్యారు. మన టేషన్ దాంక ఒకటే టికెట్. ఓడల ఉన్న దినాలే కోరంటైన్, దిగినంక ఎవ్వలు ఆపరు."

ఒకే టికెట్ మా తాతయ్యది. ఒడ్డున తయారుగా ఉన్న రైలు మా తాతయ్యది. దిగాక ఎవరూ ఆపకపోవడం తోట కూలీలది. నా చొక్కా ఎవడో వేసుకుని నా ముందు నుంచే నడిచిపోతున్నట్టు అనిపించింది. ఆ క్షణాన నేను నోరు తెరిచి, ఒరే నాయనా ఇది నా కథ, ఓడా లేదు గీడా లేదు అనాల్సింది. ఊరికే మూసుకోవడం చేతకాని నోరు అప్పుడు మూసుకుంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు లోలోపల గర్వంగా ఉంది. నేను చెప్పిన మాట ఇంతమంది నోళ్ళలో తిరిగిందని.

ఆ సాయంత్రమే తమ్ముడు నా మంచం పక్కన వచ్చి కూర్చున్నాడు. "అన్నా, ఓడ నిజమేనా? రైల్వే ముచ్చట్లు నీకు ఎర్క గదా."

అతని ముఖం చూశాను. చాలా రోజుల తరవాత ఆ పూట పొట్లం మొత్తం తిన్నాడు. "రైల్వేవాళ్ళు తలుచుకుంటే చేయలేనిదేం కాదు. ఇదివరకు చేసిందే కదా. చూద్దాం," అన్నాను. నేను అబద్ధం ఆడలేదని తరవాత చాలాసార్లు నాకు నేను చెప్పుకున్నాను. ఆ మాటల్లో ఏ ఒక్కటీ అబద్ధం కాదు. అన్నీ కలిపితే అబద్ధం.

మే నెలలో ప్రత్యేక విమానాలు మొదలయ్యాయి. ఒకరోజు మధ్యాహ్నం పాలపొడితో టీ కలుపుకుంటున్నాం. తమ్ముడు గ్లాసు అందిస్తూ మామూలుగా చెప్పాడు.

"నిన్న కాన్సులేట్ నుంచి ఫోనచ్చిందన్నా. ఎల్లుండి హైదరాబాద్ ఇమానం, నీకు సీటున్నది అన్నరు. నేను వద్దన్న."

"వద్దన్నావా? ఎందుకు?"

"ఇమానం దిగితె హైదరాబాద్ల పద్నాలుగు దినాలు హోటల్ల ఉంచుతరట. ఓడైతే ఆరు దినాలు, దిగంగనె రైలు. ఎన్మిది దినాలు ముంగటనే ఇంటికి పోత గదా. మీ తాత ఓడ లెక్కనే." వేళ్ళు మడిచి చూపించాడు. ఎనిమిది రోజులు మిగిల్చుకున్నానన్న తృప్తి ఉంది ముఖంలో. "ఆమెకు గూడ చెప్పిన. ఓడ మీద అస్తున్న అని. మస్తు సంబురపడ్డది."

 గ్లాసు కింద పెట్టాను. "తమ్ముడూ, ఓడ లేదు. నేను చెప్పిన కథే తిరిగి తిరిగి వచ్చింది. అంతే. ఓడ లేదు."

ముందు నవ్వాడు. నేను ఎప్పుడూ ఏదో ఒక వేళాకోళం ఆడతాను కనక అదీ అలాంటిదే అనుకున్నాడు. తరవాత నవ్వు ఆపాడు. "నువ్వే అంటివి గదన్నా, రైల్వేవాళ్లు చేస్తరని."

ఫోను తీసి కాన్సులేటు నంబరు నొక్కాను. ఆ క్షణం నుంచి సాయంత్రం దాకా ఇద్దరం రెండు ఫోన్ల మీద అదే నంబరుకు చేస్తూ కూర్చున్నాం. ఈ దేశంలో ఉన్న మనవాళ్ళందరూ అదే నంబరుకు చేస్తున్న రోజులవి. మర్నాడు ఎలాగో లైను దొరికింది. సీటు ఇంకొకరికి ఇచ్చేశారు. పేరు మళ్ళీ వరసలో పెడతామని మర్యాదగానే చెప్పారు. నేను మళ్ళీ ఫారం నింపాను, మళ్ళీ అదే కారణం రాశాను, ఈసారి ఎక్కువ మాటలతో రాశాను. విమానం వెళ్ళిపోయిన రోజున కిటికీ దగ్గర నిలబడి తమ్ముడు ఆకాశంకేసి చూడలేదు. బస్సులకేసి చూశాడు.

నాలుగింటి ఫోనులో ఆమె అడుగుతూనే ఉంది. ఓడ ఎప్పుడు కదులుతుందని. అతను, "రేపో మాపో," అనేవాడు. గోడవైపు తిరిగి పడుకున్న నాకు ఆ మాట వీపు మీద తగిలేది.

విమానం వెళ్ళిన తొమ్మిదో రోజున ఫోను నాలుగింటికి కాకుండా పొద్దున పదకొండింటికి వచ్చింది. మోగుతున్న ఫోనును తమ్ముడు వెంటనే తియ్యలేదు. అందరికీ అర్థమైంది.

ఆరోజు కారిడారులో కాపలావాడు ఏమీ అనకుండా తమ్ముణ్ణి స్నానాల గదికి వెళ్ళనిచ్చాడు. తలమీంచి నీళ్ళు పోసుకుని, తడిబట్టలతోనే వచ్చి మంచం మీద కూర్చున్నాడు. అవతల ఊళ్ళో అతని బామ్మర్ది వీడియో కాల్‌లో ఫోను పట్టుకుని పాడె వెంట నడుస్తున్నాడు. డప్పు చప్పుడు, దుమ్ము, మూతులకు తువ్వాళ్ళు కట్టుకున్న పదిమంది. మా గదిలో మేం అయిదుగురం నిలబడ్డాం. ఆరోజు ఎవరం గోడవైపు తిరగలేదు.

శ్మశానం దారిలో పాడె దించుతారు. దింపుడు కల్లం అంటారు. అయినవాళ్ళు చెవి దగ్గర మూడుసార్లు పేరు పెట్టి పిలవాలి, ప్రాణం ఎక్కడన్నా మిగిలి ఉంటే తిరిగొస్తుందని. బామ్మర్ది వంగి ఫోను ఆమె చెవి దగ్గర పెట్టాడు. మాకు తెరమీద గడ్డిపోచలూ, తెల్లబట్ట అంచూ తప్ప ఏమీ కనబడటం లేదు. తమ్ముడు పేరు పెట్టి పిలిచాడు. ఇన్నాళ్ళూ ఆమెను ఏమే అనడమే విన్నాం. ఆమె పేరు మాకు తెలిసింది అప్పుడే. ఒకసారి పిలిచి ఆగాడు. రెండోసారి పిలిచి ఆగాడు. మూడోసారి పిలిచాక చాలాసేపు ఆగాడు. అవతల వాళ్ళు కూడా తొందరపెట్టలేదు. జెబెల్ అలీలో నిలబడి మేం కూడా ఆమె పలుకుతుందేమోనని విన్నాం.

ఆ తరవాత నాతో మాట్లాడడనుకున్నాను. మాట్లాడకుండా ఉంటే నాకు సులువయ్యేది. మూడోరోజున తనే వచ్చి పక్కన కూర్చున్నాడు.

"అన్నా, నువ్వు తిండి మానేస్తె ఎట్ల? నేను లెక్క జేసిన. ఇమానం ఎక్కినా అందేటోన్ని గాదు. తొమ్మిదో దినం అంటె నేను హోటల్లనే ఉండేటోన్ని. నువ్వు చెప్పింది కతనే, నమ్మింది నేను. నీ తప్పేం లేదు. ఖలాస్, ఇడిసిపెట్టు."

చనిపోయింది అతని భార్య. ఓదార్పు నాకు. అంత నీచంగా ఎప్పుడూ అనిపించలేదు, అయినా ఆ ఓదార్పు తీసుకున్నాను. అన్నం తిన్నాను కూడా.

క్యాంపు తలుపులు తెరిచాక, అతను వదులుకున్న ఆ విమానంలోనే వెళ్ళిన పక్క భవనం మనిషితో ఫోన్‌లో మాట్లాడాను. ఆర్మూరు వైపు వాడు. తండ్రికి ప్రాణం మీదికి వచ్చిందని వెళ్ళాడు. హోటల్లో ఎన్నాళ్ళున్నావని అడిగాను, ఊరికే, మాటవరసకు. "ఉండలే సారూ. ఆస్పత్రి కాయిదాలు సూపెట్టిన. చేతిమీద ముద్దరేసి ఇంటికి పో, ఇంట్లనే ఉండు అన్నరు. తెల్లారి ఊర్లనే ఉన్న. నాయిన నన్ను జూసి పదకొండు దినాలు బతికిండు."

తమ్ముడి దగ్గర కూడా ఆస్పత్రి కాగితాలు ఉన్నాయి. ఫారానికి జతచేసింది నేనే. ఆ విమానం ఎక్కి ఉంటే రెండోరోజుకు ఆమె ఎదురుగా కూర్చునేవాడు. ఇంకా వారం రోజులు చేతిలో ఉండేవి.

ఈ సంగతి అతనికి చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు. అతను పట్టుకుని బతుకుతున్న లెక్కను ఎందుకు లాగెయ్యాలని ఒక కారణం. అతను నాకు పెట్టిన క్షమాభిక్ష పోతుందని ఇంకో కారణం. ఇందులో అసలు కారణం ఏదని నన్ను నేను అడిగినప్పుడల్లా మొదటిదే అని గట్టిగా చెప్పుకుంటాను. గట్టిగా చెప్పుకోవలసి రావడంలోనే తెలుస్తోంది.

తమ్ముడు జూలైలో వెళ్ళాడు. వీసా రద్దు చేయించుకుని వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. ఊళ్ళో ట్రాక్టరు నడుపుతున్నాడు. నేను క్యాంపు వదిలి బర్ దుబాయ్‌లో నలుగురితో కలిసి ఒక ఫ్లాటులో ఉంటున్నాను, అక్కణ్ణుంచే మెట్రోలో జెబెల్ అలీకి పోయి వస్తున్నాను. కొత్త కుర్రాళ్ళు గేటు దగ్గర చేరి ఏదైనా చెప్పమంటే పని ఉందంటాను. నా అసలు రంగు తెలియని మా ముదీర్, అంటే మేనేజరు, నేను తక్కువ మాట్లాడే మనిషినని మెచ్చుకుంటాడు.

నెలకోసారి తమ్ముడు ఫోన్ చేస్తాడు. వానల గురించి, వరికోత గురించి చెబుతాడు. పోయిన ఏడాది ఒక శుక్రవారం మాట్లాడుతుండగా కూతురు ఫోను తీసుకుంది. అప్పటికి తొమ్మిదో తరగతి. ఓడల మీద బళ్ళో ఏదో పాఠం వచ్చిందట.

"పెద్దబాపూ, ఒకటి అడుగాల్నా? అమ్మ ఉన్నప్పుడు బాపు ఓడ మీద అస్తుండె గదా. రైలోళ్ల ఓడ. దాని ముచ్చట నీకే బాగ ఎర్క అన్నడు బాపు. మరి ఆ ఓడ ఎందుకు రాలే?"

అవతల తమ్ముడు ఉన్నాడో లేదో తెలియదు. ఉంటే వింటూనే ఉంటాడు. ఆ పిల్లకు అతను ఇన్నేళ్ళుగా ఏం చెప్పాడో నాకు అప్పుడు అర్థమైంది. ఓడ లేదని చెప్పలేదు. రాలేదని మాత్రమే చెప్పాడు.

"ఆ రోజుల్లో సముద్రం బాగోలేదమ్మా," అన్నాను.



"అమ్మ గూడ గదే అన్నది పెద్దబాపూ," అంది. "ఆఖరి దినం పొద్దుగాల్ల నాతోని అన్నది. సముద్రంల గాలి ఉన్నట్టున్నది, లేకుంటె మీ బాపు ఎప్పుడో అచ్చేటోడు అని."